కోనసీమ యాత్ర

అనంతపురమునకు చేరువనే బుక్కరాయసముద్రమను ఊరు కలదు. ఆ పేరు విన్న పరదేశి అచ్చట కడలి ఘోషించుచుండునని తలంపవచ్చును. కాని అచ్చట ఉన్నది చెఱువు. 14వ శతాబ్దమున విజయనగర ప్రభువుల కాలమున కట్టబడిన ఆ చెఱువును మన పెద్దలు సముద్రమనిరి. వాన అరుదైన నేలలో నిండిన చెఱువే సముద్రము. ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మనుమడు పుట్టినది మొదలు ఎఱిగిన సముద్రము అదియొక్కటే.

మన సీమకు ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలను తాకి, తమ నీటిని చాలవఱకు అచ్చటనే విడిచి, వట్టి గాలులై మనవైపు వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమున కురిసి కురిసి, మన పీఠభూమిని చేరునప్పటికి అలసిపోవును. ఇట్లు రెండు విందులలోను చివరి పంక్తిని కూర్చున్న అతిథివలె అనంతపురము మిగిలినదానితో తృప్తిపడవలసివచ్చినది.

2024వ సంవత్సరమున మా మెట్టపొలములోని బోరుబావి ఎండిపోయెను. నా కుమారుడు అప్పుచేసి మఱియొకటి వేయించెను. ఆఱువందల అడుగులు దిగినను రాతిపొడి పైకి వచ్చినదే కాని చుక్కనీరు రాలేదు. పొలమమ్మివేసి బెంగుళూరు చేరుదమని ఇంట మాటలు సాగుచుండెను. ఆ నేలలో వేరుశనగ పండించి నన్ను చదివించిన నా తండ్రి నాకు మాటిమాటికి గుఱుతు వచ్చుచుండెను. అయినను అప్పు మోయుచున్న కుమారునితో వలదని చెప్పుటకు నాకు నోరు రాకుండెను.

అట్టి దినములలో నా పాత మిత్రుడొకడు ఫోనుచేసి మాటాడెను. అతడును నావలె తెలుగు పండితుడై పనిచేసి విరమించినవాడు. కోనసీమలో అంబాజీపేట చేరువ ఒక పల్లెలో నివసించుచున్నాడు. "మాస్టారూ, ఈ సంక్రాంతికి మా ఇంటికి రండి. మీ మనుమనికి నీరనగా ఎట్లుండునో చూపింతము" అనెను. 2025వ సంవత్సరము జనవరి నెలలో, బడికి పండుగ సెలవు లియ్యగనే, నేను, నా కుమారుడు, మనుమడు ఒక మోటారుకారులో బయలుదేరితిమి. ప్రయాణమునకు ముందే మూడు నియమములు పెట్టుకొంటిమి: తొందరపడరాదు, చూడదగినది కనబడినచోట దిగవలెను, ఏ ఊరి తిండి ఆ ఊరిలోనే తినవలెను.

మొదటి దినమున తాడిపత్రి, బనగానపల్లెల మీదుగా పోయి, గాజులపల్లె దాటి నల్లమల కనుమ నెక్కితిమి. త్రోవలో మేము తెచ్చుకొన్న జొన్నరొట్టెలను, వేరుశనగ ఊరిబిండిని చెట్టునీడన కూర్చుండి భుజించితిమి. గిద్దలూరు దాటి కంభము చేరితిమి. అచ్చట గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ కట్టబడిన గొప్ప చెఱువు కలదు. అదియు విజయనగర కాలపుదే. ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడములలో ఒకటిగా దానిని 2020లో గుర్తించిరి. మనుమడు కట్టపై నిలిచి, "తాతా, ఇదియే సముద్రమా?" అని నవ్వుచు అడిగెను. "ఇంకను కాదు. ఓపికపట్టుము" అంటిని. ఆ రాత్రి గుంటూరులో విశ్రమించితిమి.

మఱునాడు కృష్ణను దాటి, ఏలూరు, తాడేపల్లిగూడెము, తణుకుల మీదుగా సాగితిమి. కారు ముందునకు పోవుచున్నకొలది నేల రంగు మాఱెను. మన ఎఱ్ఱనేల, గులకఱాళ్లు, తుమ్మచెట్లు ఎచ్చటనో వెనుకబడిపోయెను. బాటకు రెండువైపుల కాలువలు, కాలువల వెంట కొబ్బరిచెట్లు, వానికి ఆవల ఆకుపచ్చని వరిమళ్లు కానవచ్చెను. సిద్ధాంతము వంతెనపై వసిష్ఠగోదావరిని దాటగనే మేము ఒక దీవిలో అడుగిడితిమి.

బాలలారా! కోనసీమను దీవి యన్నందుకు ఆశ్చర్యపడకుడు. మహారాష్ట్రమున త్ర్యంబకేశ్వరము వద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి ధవళేశ్వరమునకు దిగువను రెండు ముఖ్యశాఖలుగా చీలును. తూర్పుశాఖకు గౌతమి యనియు, పడమటిశాఖకు వసిష్ఠ యనియు పేర్లు. ఈ రెండు నదులకు నడుమ, దక్షిణమున బంగాళాఖాతము హద్దుగా, ముక్కోణాకారమున నున్న నేలయే కోనసీమ. వసిష్ఠనుండి వైనతేయ యను మఱియొక పాయ చీలి ఈ నేలను తిరిగి రెండుగా విభజించి ఓడలరేవు కడ సముద్రమున కలియును. ఇచ్చటి నేలయంతయు గోదావరి ఏడాది కేడాది మోసికొనివచ్చి పఱచిన ఒండ్రుమట్టియే. 2022వ సంవత్సరమున ఈ సీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడెను. దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరు పెట్టిరి. అమలాపురము ముఖ్యపట్టణము.

రావులపాలెమును కోనసీమకు ముఖద్వార మందురు. అచ్చట అరటిగెలలు కొండలవలె పోగువేసి యుండెను. అచ్చటినుండి మేము ముందు ఆత్రేయపురమునకు పోయితిమి. ఆ ఊరు పూతరేకులకు ప్రసిద్ధి. 2023వ సంవత్సరమున ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఒక ఇంటి వసారాలో పనిచేయుచున్న స్త్రీని అడిగి కూర్చుండి చూచితిమి. ఆమె ఎదుట నున్నని అడుగుగల పెద్దకుండ బోర్లించియుండెను. దాని క్రింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచని గుడ్డను బియ్యపు పిండిపాలలో ముంచి, ఆమె కుండపై ఒక్కమాఱు ఇట్లు ఈడ్చెను. రెప్పపాటులో కాగితముకంటె పలుచనైన రేకు కుండను వీడి లేచెను. అట్టి రేకులపై నెయ్యి పూసి, పంచదారపొడియో బెల్లపుపొడియో చల్లి మడిచినచో అదియే పూతరేకు. మనుమడు నోటిలో పెట్టుకొని, "నమలకముందే కరిగిపోయినది!" అనెను. ఆమె నవ్వి, "ఆయ్, కరగకపోయినచో అది మా ఊరిది కాదు బాబూ" అనెను. ప్రతి మాటకు 'ఆయ్' అని చేర్చుట ఆ సీమవారి మర్యాద. చూచుటకు సులువుగా తోచిన ఆ పనిలో ఆమె చేతివ్రేళ్లు పొగకును వేడికిని గట్టిపడి యుండుటను నా కుమారుడు గమనించెను.

ఆత్రేయపురమునకు ఎగువనే బొబ్బర్లంక. అచ్చట కోనసీమ కొన మొదలగును. ఎదుట ధవళేశ్వరము ఆనకట్ట. ఆ జలరాశిని చూచి మనుమడు చాలసేపు మాటాడలేదు. పిదప, "తాతా, వీరెంత అదృష్టవంతులు! ఏమియు చేయకయే నీరు వీరి యింటిముంగిటికి వచ్చుచున్నది" అనెను. "ఏమియు చేయకయే" అను మాట నాకు ముల్లువలె తగిలెను. వానిని గట్టుపై కూర్చుండబెట్టి ఈ విధముగ చెప్పితిని.

"నాయనా! రెండువందల యేండ్లకు పూర్వము ఈ గోదావరి ఇట్లే ప్రవహించుచుండెను. కాని అది పల్లమున పోవుచుండెను, పొలములు ఎండుచుండెను. 1832-33 ప్రాంతమున వచ్చిన కఱవులో ఈ జిల్లాలో అసంఖ్యాకులు మడసిరి. నది ప్రక్కన నుండగనే జనులు ఆకలితో చనిపోయిరన్నమాట. ఆర్థరు కాటను అను ఇంజనీరు ఈ స్థితిని చూచి, నదికి అడ్డుకట్ట కట్టవలెనని ప్రభుత్వమును ఒప్పించెను. 1847లో పని మొదలయ్యెను, 1852లో ముగిసెను. వేలకొలది కూలీలు ఱాళ్లు మోసిరి. వీణెం వీరన్న యను తెలుగువాడు ఆ పనిలో కాటనుకు కుడిభుజమై నిలిచెను. ఆనకట్ట నదిలోని నీటిని పెంచలేదు; నీటి మట్టమును మాత్రము పైకెత్తి కాలువలలోనికి మరల్చినది. అంతతో కఱవుసీమ అన్నపూర్ణ యయ్యెను. ఆ పాత ఆనకట్టకు బదులుగా మన కాలమున, 1982 నాటికి, ఈ క్రొత్త బ్యారేజిని కట్టి దానికి కాటను పేరే ఉంచిరి. నీరుండుట వేఱు, నీటిని నిలుపుకొనుట వేఱు."

మనుమడు ఊకొట్టెను కాని వాని మనసు కుదుటపడలేదు. "అయినను నిలుపుకొనుటకు ముందు నీరు ఉండవలె కదా, తాతా!" అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద అప్పుడు సమాధానము లేకుండెను.

సాయంకాలమునకు మిత్రుని పల్లె చేరితిమి. కోనసీమలో ఊరికి ఊరికి నడుమ ఎడము కనబడదు. ఒక ఊరి కొబ్బరితోట ముగియుచోట మఱియొక ఊరి అరటితోట మొదలగును. ప్రతి యింటికి చేరువ ఒక కాలువయో బోదెయో పాఱుచుండును. పొలములలో దాళ్వా ఊడ్పులు సాగుచుండెను. తోటలలో దింపు పనివారు కాళ్లకు బంధము తగిలించుకొని చెట్లెక్కి కాయలు దింపుచుండిరి. అంబాజీపేట కొబ్బరివ్యాపారమునకు పెట్టినది పేరు. పచ్చికాయ, ఎండుకొబ్బరి, కురిడీ, పీచు, ఈనెలు, చిప్ప - చెట్టులో వ్యర్థమైనది ఒకటియు లేదు.

మిత్రుని యింట మఱునాటి ఉదయము పొట్టిక్కలు వడ్డించిరి. పనసాకులను ఈనెపుల్లలతో కుట్టి బుట్టలుగా చేసి, వానిలో ఇడ్డెనల పిండి పోసి ఆవిరిపై ఉడికింతురు. పనసాకు వాసన పిండికి పట్టి మిక్కిలి కమ్మగా నుండును. మధ్యాహ్నము లేతపనసకాయను సన్నగా కొట్టి, ఆవపెట్టి వండిన పనసపొట్టుకూర, కొబ్బరిపచ్చడి, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు. పులసచేపనుగూర్చి నా కుమారుడు అడుగగా మిత్రుడు, "అది వరదల కాలమున సముద్రమునుండి గోదావరికి ఎదురీదుచు వచ్చును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మా వైపు సామెత. ఇప్పుడు దాని కాలము కాదు" అని చెప్పెను. మేము తీసికొనిపోయిన జొన్నరొట్టెను, ఊరిబిండిని ఆ యిల్లాలు రుచిచూచి, "వదినగారి చేతిలో ఏమి అమృతమున్నదో!" అని మా యింటివారిని మెచ్చుకొని, చేయు విధమును వ్రాసికొనెను.

ఆ భోజనపు వేళ ఒక చిన్న సంగతి జరిగెను. ఆ యిల్లాలు అందఱకు పెద్ద గ్లాసులలో నిండుగా నీళ్లు పోసెను. మనుమడు తన గ్లాసులోని నీటిని సగము ప్రక్క చెంబులోనికి మరల పోసి, మిగిలినదానిని చుక్క విడువక త్రాగెను. త్రాగునంతయే పోసికొనుట మా యింటి అలవాటు. వాడది తెలిసి చేయలేదు. ఊపిరి పీల్చినట్లు చేసెను. మిత్రుడు చూచి నవ్వలేదు. తన గ్లాసువంక చూచుకొనెను. అది సగము త్రాగి విడిచినది.

కనుమ పండుగనాడు జగ్గన్నతోటకు పోయితిమి. మొసలపల్లి యొద్ద నున్న ఆ కొబ్బరితోటకు చుట్టుప్రక్కల పదునొకండు గ్రామములనుండి ఏకాదశ రుద్రులను ప్రభలపై నెక్కించి తీసికొనివత్తురు. వెదుళ్లతో కట్టి, రంగురంగుల నూలుదారములతోను వస్త్రములతోను అలంకరించిన ఎత్తైన ప్రభలను యువకులు భుజములపై మోయుచు, కౌశిక యను కాలువలో దిగి, పచ్చని పొలముల నడుమగా పరుగులు తీయుదురు. చేను త్రొక్కబడినందుకు రైతు కోపగింపడు. శివుడు తన పొలమున నడచెనని సంతోషించును. 2023వ సంవత్సరము గణతంత్రదినోత్సవమున ఢిల్లీ నగరమున మన రాష్ట్రము ప్రదర్శించిన శకటము ఈ ప్రభల తీర్థమును చూపినదే.

మఱునాడు పి.గన్నవరము చేరితిమి. అచ్చట వైనతేయపాయపై ఒక వింత కలదు. క్రింద నది, మీద కాలువ. కాటను కాలపు ఇంజనీర్లు నదికి అడ్డముగా కమానుల వంతెన కట్టి, దానిమీదుగా కాలువను ఆవలి దీవికి దాటించిరి. ఇచ్చటివారు దానిని అక్విడక్టు అందురు. పాతది వృద్ధము కాగా ప్రక్కనే క్రొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. ఎవరీ సీతమ్మ? ఆమె 1841 నుండి 1909 వఱకు జీవించిన గృహిణి. సమీపమునగల లంకల గన్నవరములో నివసించెను. ఏటికి ఈవల ఆవల పోవు బాటసారులు వేళకాని వేళ తలుపు తట్టినను, కులమేమి ఊరేమి యని అడుగక అన్నము పెట్టెను. రాజ్యములు ఏలలేదు; గ్రంథములు వ్రాయలేదు. అన్నము పెట్టుటచేతనే ఆమె పేరు నిలిచెను. 2024వ సంవత్సరమున మన రాష్ట్రములోని బడులలో మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. "అయినచో మా బడిలో మేము తినునది ఈమె అన్నమేనా?" అని మనుమడు అడిగెను. ఔనంటిని. వాడు వంతెనవైపు తిరిగి చేతులు జోడించెను.

రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి పోయితిమి. త్రోవ పొడవున ఒకవైపు చేపలచెఱువులు, మఱియొకవైపు సరుగుడుతోటలు. సఖినేటిపల్లి రేవున నరసాపురమునకు పోవు పంటును చూచితిమి. మనుషులు, మోటారుబండ్లు అన్నియు దానిపై నెక్కి వసిష్ఠను దాటుచుండెను. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామిని సేవించితిమి. కదిరిలోను, పెన్నహోబిలములోను మనము కొలుచు స్వామియే ఇచ్చట సముద్రపు ఒడ్డున నెలకొనియున్నాడు.

గుడినుండి తీరమునకు నడచితిమి. మొదట ఘోష వినబడెను. తరువాత ఉప్పుగాలి ముఖమునకు తగిలెను. ఇసుకదిన్నె నెక్కగనే, కనుచూపు ముగియునంతవఱకు నీరు! మనుమడు అడుగు ముందునకు వేయలేక నిలిచిపోయెను. వసిష్ఠ సముద్రమున కలియుచోట బురదరంగు నీరును నీలివన్నె నీరును వేఱువేఱుగా కానవచ్చుచుండెను. నడుమనున్న ఇసుకగట్టును ఇచ్చటివారు అన్నాచెల్లెళ్లగట్టు అందురు. కొంతసేపటికి వాడు దోసిట నీరు ముంచి నాలుకకు తగిలించుకొని ఉమ్మివేసి, "ఇంత నీరున్నను త్రాగుటకు ఒక చుక్క లేదే!" అనెను. పిదప, "తాతా, మన పెన్న ఎచ్చట కలియును?" అని అడిగెను. "నెల్లూరు జిల్లాలో, ఈ బంగాళాఖాతమునందే. మన ఊరివాన మనచేత నిలువనిచో చిత్రావతిలో పడి, పెన్నలో కలిసి, తుదకు ఇచ్చటికే వచ్చును" అంటిని. వాడు అలలవంక చూచుచు ఏమో లెక్కవేసికొనుచున్నట్లు తోచెను.

తిరుగుదారిలో తాటిపాక మీదుగా వచ్చి, బోడసకుర్రు వంతెనపై వైనతేయను దాటి అమలాపురము చేరితిమి. ఆ మఱునాడు ముమ్మిడివరము, కాట్రేనికోనల వైపు తీరగ్రామములు చూడబోయితిమి. ఒక ఊరి చివర తుపాను రక్షణభవనము కలదు. స్తంభములపై ఎత్తుగా కట్టబడియుండెను. దాని నీడన ఒక వృద్ధుడు వల బాగుచేసికొనుచుండెను. మేము అనంతపురమునుండి వచ్చితిమని విని, మాకొఱకు బొండములు కొట్టించి, తానే మాట మొదలుపెట్టెను.

"బాబూ, మీకు నీరు లేక బాధ. మాకు నీరు ఎక్కువై బాధ. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను తీరము దాటినది. ఆ గాలికి కొబ్బరిచెట్లు తలలు తెగి పడినవి. సముద్రము ఊరిమీదికి లేచివచ్చినది. నేను తాటిచెట్టును కౌగిలించుకొని తెల్లవాఱువఱకు నిలిచితిని. తెల్లవాఱినది కాని మా యిల్లు లేదు, ఇంటిలోనివారును లేరు." అతడు ఇంతకుమించి చెప్పలేదు. మరల వలలో తల వంచెను. ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించిరని నేను పుస్తకములలో చదివియుంటిని. పుస్తకములలో అది ఒక సంఖ్య. ఇచ్చట అది ఒక మనుష్యుడు.

కొంత దూరము నడచిన పిమ్మట మనుమడు నా చేయి పట్టుకొని, "తాతా, ఆయన ఇంకను ఇచ్చటనే ఏల ఉన్నాడు?" అని మెల్లగా అడిగెను. నాకు బదులు వాని తండ్రి చెప్పెను: "ఎచ్చటికి పోవును? వల వేయుట ఆయనకు తెలిసినది ఇచ్చటనే." చెప్పి నా కుమారుడు తన మాట తానే విన్నవానివలె ఊరకుండెను.

ఆ రాత్రి మిత్రుని వసారాలో కూర్చుంటిమి. వెన్నెలలో కొబ్బరాకులు మెఱయుచుండెను. నేను ఆ వృద్ధుని సంగతి చెప్పితిని. మిత్రుడు నిట్టూర్చి ఇట్లనెను: "మాస్టారూ, చూడవచ్చినవారికి మా సీమ పచ్చనిదే. 1986 ఆగష్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఏటిగట్లు తెగి ఊళ్లు మునిగినవి. నేటికిని వరదకాలమున మా లంకగ్రామములకు బాటలు మునిగి పడవలే దిక్కగును. కొన్నిచోట్ల మురుగుకాలువలగుండ సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడులగుచున్నవి. 2011లో ఇచ్చటి రైతులు సార్వాపంట వేయక పొలములను బీడుపెట్టిరి. కాలువలో నీరున్నది, నేలలో సారమున్నది, కాని మురుగు పోవుదారి లేక చేలు మునుగుచున్నవి, పండిన ధాన్యమునకు పెట్టుబడికి తగిన ధర రాలేదు. నీరొక్కటే రైతును బ్రతికింపదు."

నా కుమారుడు ఆశ్చర్యముతో, "కాలువ క్రింది భూమిని బీడుపెట్టిరా!" అనెను. మా సీమలో అట్టి మాట ఎన్నడు విననిది.

మిత్రుడు మఱల, "ఇంకొక సంగతి. 2015లో పట్టిసీమ కడ ఎత్తిపోతల పథకమును ప్రారంభించిరి. వరదకాలమున సముద్రము పాలగు గోదావరినీటిని పంపులతో ఎత్తి, కాలువద్వారా కృష్ణకు చేర్చుదురు. కృష్ణాడెల్టాకు ఆ నీరు అందినంత మేరకు, శ్రీశైలమునుండి క్రిందికి విడువవలసిన కృష్ణనీరు తగ్గును. అట్లు మిగిలినది మీ సీమకు ఉపయోగపడును. హంద్రీ-నీవా కాలువ శ్రీశైలము వెనుకనీటిని మీ జీడిపల్లి జలాశయమునకు తెచ్చుచున్నది కదా! కనుక మన నీళ్లు ఒకదాని చేయి ఒకటి పట్టుకొనియే యున్నవి" అనెను. నేను, "కాలువ అందఱి పొలములకు అందదు. మాది మెట్ట" అంటిని. "అందకపోవచ్చును. మీ చేనిమీద పడిన వాన ఎచ్చటికి పోవుచున్నది?" అని అతడు అడిగెను. మనుమడు వెంటనే, "అంతర్వేదికి!" అనెను. అందఱము నవ్వితిమి. కాని నా కుమారుడు నవ్వలేదు, ఆలోచనలో పడెను.

సెలవు తీసికొనునప్పుడు మిత్రుని యిల్లాలు పూతరేకుల పెట్టెను, కొబ్బరికాయల బస్తాను కారులో పెట్టించెను. మురమళ్ల, ఎదుర్లంకల మీదుగా వచ్చి బాలయోగి వారధిపై గౌతమిని దాటి, 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండి నేడు పుదుచ్చేరికి చెందియున్న యానాము చేరితిమి. అంతటితో దీవి వెనుకబడినది. మనుమడు వెనుక అద్దములోనుండి గౌతమిని కనబడునంతసేపు చూచెను.

ఇల్లు చేరిన పిదప నా కుమారుడు పొలము అమ్ముమాట ఎత్తలేదు. ఒక వారమునకు చేనిలో వాలు ఎటువైపున్నదో కొలిపించెను. పల్లపు మూలన ఒక నీటికుంట త్రవ్వితిమి. గట్టు తెగకుండ నీరు పొర్లిపోవుటకు ఱాళ్లతో మార్గము కట్టితిమి. ఆ యేటి వానలకు కుంట రెండుమాఱులు నిండెను. వాన ముఖము చాటువేసిన దినములలో ఆ నీటితో కందిచేనికి ఒక తడి యిచ్చితిమి. పంట విరగపండినదని చెప్పను, కాని ఎండిపోలేదు. బోరు అప్పు ఇంకను కొంత మిగిలియున్నది.

కుంట మొదట నిండిననాడు మనుమడు ఒక పలకపై సుద్దతో పేరు వ్రాసి గట్టుమీద నిలిపెను. నేను దగ్గరకు పోయి చదివితిని. దానిపై 'సముద్రము' అని వ్రాసియుండెను.

ప్రశ్నలు

1. కోనసీమను దీవి యని ఏల చెప్పవచ్చును? దానికి గల మూడు హద్దు లేవి?
2. "నీరుండుట వేఱు, నీటిని నిలుపుకొనుట వేఱు" - ఈ మాటను ధవళేశ్వరము ఆనకట్ట చరిత్రతో వివరింపుము.
3. డొక్కా సీతమ్మ పేరు నేటికిని నిలిచియుండుటకు కారణమేమి?
4. పట్టిసీమకును అనంతపురము సీమకును గల సంబంధ మెట్టిది?
5. మీ ఊరిలో కురిసిన వాన ఏ వాగులలో, ఏ నదులలో కలిసి ఎచ్చట సముద్రము చేరునో పెద్దల నడిగి తెలిసికొని వ్రాయుము.